అయిదో అంతస్తు

ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటున్నారు.
మాంటెవిడియో రేవుకి రెండు వీధులివతల,
మార్కొనెల్లి బిల్డింగు ఉన్న జాగాలో.
గంటకింతని చీటీ చింపిస్తాడు గేటు కుర్రాడు.
కారు లేకుండానే లోపలికి పోతుంటాను నేను.
చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే సొరబుర్ర చూసి
ఎవరి నానమ్మో అనుకుని ఊరుకుంటాడు.

పంతొమ్మిదేళ్లు లిఫ్టు నడిపాను అక్కడ.
ఇనుప జాలీ తలుపు, అరచేయి నునుపు చేసిన ఇత్తడి పిడి,
నాకో మడత స్టూలు.
ఆరుగురికి మించి ఎక్కరాదని బోర్డుండేది.
శనివారం రాత్రి ఎవరికీ చదువు రాదు.

కింద పళ్ల డాక్టరు, రెండులో దర్జీ,
మూడులో నోటరీ, నాలుగెప్పుడూ ఖాళీ,
అయిదులో లా గార్సా.
గార్సా అంటే కొంగ.
వీధి వైపు గోడకి నియాన్ కొంగ, నీలంగా.
రెండో కాలి గొట్టం ఎప్పుడో మాడిపోయింది,
ఓనరు బాగు చేయించలేదు.
అప్పట్నుంచీ ఊరి మీద దానిది ఒంటికాలి జపం.

నేను డాన్సు చూసింది తలుపు తీసినంత సేపే.
ఒక భుజం, ఒక మడమ, చెమట పట్టిన ఒక మెడ,
అంతలో జాలీ మూసుకునేది.
మిగతాదంతా లిఫ్టు బావిలోంచి చెవికి దిగేది:
నాలుగు దాకా బాందోనియోన్,
మూడు దాకా పాటగాడి దగ్గు,
కిందికొచ్చేసరికి ఒట్టి అడుగుల చప్పుడు,
పైన ఎవరో పిండి దంచుతున్నట్టు.

ఎక్కేటప్పుడు గంజి వాసన, బూటు పాలిష్ వాసన.
దిగేటప్పుడు సోంపు సారా,
చేతిలో ఒక్క చెప్పు.

నోటరీ దగ్గర టైపిస్టు ఓలిందా
ఏడింటికి దిగిపోయి
పదకొండుకి వేరే జుట్టుతో ఎక్కేది.
గుడీవెనింగ్ అని కొత్తగా చెప్పేది.
నేనూ కొత్తగానే చెప్పేదాన్ని.
వెయిటర్ వాషింగ్టన్ పెరేరా
పుట్టి ఒక్క గ్లాసు పగలగొట్టలేదు,
రెండు కాపురాలు పగలగొట్టాడు.

డెబ్బై నాలుగు జూలై. నది మీంచి చలిగాలి.
నలుగురు సిపాయిలు, ఒక ఆఫీసరు ఎక్కారు.
గుడీవెనింగ్ లేదు. "అయిదు" అన్నాడు.
మూడు దాటాక నాలుగు రాకముందు
పిడిని సగానికి తిప్పి వదిలాను.
ఆగింది.
"ముసలిది సార్, చలికి దీనికి నొప్పులు" అన్నాను.
పదకొండు నిమిషాలు.
పైన బాందోనియోన్ ఆగిపోయింది, సగం ఊపిరితో.
వెనక మెట్ల మీద అడుగులు దిగుతున్నాయి.
ఒకడా, ముగ్గురా, ఇప్పటికీ తెలీదు.
ఆఫీసరు మీసం మీద చెమట చూస్తూ కూర్చున్నాను.

తర్వాత రెండ్రోజులు బల్ల ముందు కూర్చోబెట్టారు.
మోటారుకి ముసలితనమని
మెకానిక్ ఎవారిస్తో సంతకం పెట్టి రాసిచ్చాడు.
అతను ఆ వారం ఊళ్లోనే లేడు.

కూల్చిన రోజు నేను వెళ్లలేదు. మోకాలు నొప్పి.
అబద్ధం. మోకాలు బాగానే ఉంది.
తర్వాత ఆదివారం సంతలో వెతికాను, ఆ పిడి కోసం.
డాక్టరు కుర్చీ దొరికింది, దర్జీ అద్దం దొరికింది,
ఓ బట్టల కొట్టువాడు కొంగని కొనేశాడన్నారు.
రెండో కాలు అతికించాడట.
చూడ్డానికి పోలేదు.

ఇప్పటి వాటికి కప్పు ఎత్తు తక్కువ.
ఎదురింటి నీళ్ల ట్యాంకు గుర్తుతో కొలిచాను:
మా అయిదు వీళ్ల ఏడు.
కార్లు మలుపు తిరిగేది సరిగ్గా ఆ గాల్లోనే,
మెల్లగా, ఒకదానికొకటి తగలకుండా.
మూలన ఓ కారులో జంట కూర్చుని ఉంటారు,
అద్దాలు మసక, రేడియో సన్నగా.
నేనటు చూడను.
ఆ చూడకపోవడం నా ఉద్యోగంలో సగం.

కొత్త లిఫ్టుకి పిడి లేదు, స్టూలు లేదు.
లోపల ఓ ఆడగొంతు ఉంది.
"ఏడో అంతస్తు" అంటుంది.
"కాదమ్మా, అయిదు" అంటాను.
తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.