యాభై తొమ్మిది రోజులు

తొంభై రోజులు ఉండాలన్నారు.
ముప్పై ఒకటి ఉన్నాను.
ముప్పై రెండో పొద్దున
ఓ పింఛను ముసలాయనకి
ఇరవయ్యేళ్ళ పాలసీ అంటగట్టమన్నారు.

మిగిలిన రోజులకి ఖరీదు కట్టి
మేనేజరు చీటీ మీద రాసిచ్చాడు:
లక్షా పన్నెండు వేల నాలుగు వందలు.

పదకొండేళ్ళు అటువైపు కూర్చున్న అద్దానికి
ఇవాళ ఇటువైపు నిలబడ్డాను.
వరసలో నా ముందు గంజ్ హమాలీ.
అతని నోట్లకి మలక్‌పేట ఉల్లి వాసన.
ఎంత తోమినా
నా వేళ్ళకీ అదే ఉండేది,
అన్నం కలిపేటప్పుడు తెలిసేది.

నుస్రత్ నా డబ్బు మెషిన్‌లో వేసింది.
సరిపోయింది.
అయినా మళ్ళీ చేత్తో లెక్కపెట్టింది,
తడి స్పాంజికి వేలు అద్దుకుంటూ, నెమ్మదిగా.
అలా నేర్పింది నేనే.

"దేని కింద రాయను మేడమ్?"
తలెత్తకుండా అడిగింది.
నోటీసు బాకీ, అన్నాను.

రసీదు మీద ముద్ర ఇంకా ఆరలేదు.
బయట మెట్రో స్తంభం పక్కన
పదకొండుంపావు.
ఈ వేళప్పుడు ఈ రోడ్డు మీద
ఎండ ఎటు పడుతుందో
ఇన్నేళ్ళూ నాకు తెలీదు.

సొంతానికి కొనుక్కున్న మొదటి రోజు.
ఏం చెయ్యాలో తోచక
బండి దగ్గర ఆగి
కిలో ఉల్లిపాయలు
బేరమాడకుండా తీసుకున్నాను.