చిన్నపిల్లల గొట్టాలు

చింగోలా రోడ్డు మీద రాగి పలకల లారీ తిరగబడింది.
కబాసోని కిట్వే ఆసుపత్రికి తెచ్చేసరికి
రాత్రి రెండున్నర.
తొడ ఎముక బయటికి చూస్తోంది.
జేబులో, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో, ఒక కార్డు:
రక్తం ఎక్కించవద్దు.
కింద సంతకం చేసిన ఇద్దరూ సాక్షులే,
రెండర్థాల్లోనూ.

"స్పృహలో ఉండగానే అడుగుతున్నాను."
"స్పృహలో ఉండగానే చెబుతున్నాను, డాక్టర్."
పెదవులు సుద్దముక్కలు. మాట తడబడలేదు.

ఫ్రిజ్‌లో అతని గ్రూపువే రెండు సంచులు.
పది అడుగుల దూరం.
నేను నడవని పది అడుగులు.

ఇక పిసినారినయ్యాను.
పరీక్షకు రక్తం తీయాలంటే
నెలల బిడ్డలకు వాడే గొట్టాలు తెమ్మన్నాను.
కంసాలి తరుగు చూసుకున్నట్టు
సిస్టర్ నమ్వింగా ప్రతి గుడ్డనూ తూచింది.
ఐదు. నాలుగున్నర.
మూడు పాయింట్ ఎనిమిది.

తెల్లవారుజామున ప్రసూతి వార్డు నుంచి ఎవరో పరుగున వచ్చి
ఒక సంచి పట్టుకుపోయారు.
కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.
తర్వాత సిగ్గేసింది.

వరండాలో అతని భార్య బ్వాల్యా
పెదవులు కదుపుతూ బెంబాలో ఏదో చదువుకుంటోంది.
"మీరు తప్పు చేస్తున్నారని నేననుకోను" అంది,
నేనేమీ అడక్కుండానే.
ఆ మాట తిరిగి ఆమెకివ్వడానికి
నా దగ్గర చిల్లర లేకపోయింది.

పదకొండో రోజు: నాలుగు పాయింట్ రెండు.
మొక్కజొన్న గంజి కావాలన్నాడు, చక్కెర ఎక్కువేసి.

చేతులు కడుక్కుంటూ
సగంలోనే కుళాయి కట్టేశాను.
ఇంకా అలవాటు పోలేదు.