సగం దగ్గర ముల్లు

గ్యాలనుకి తొమ్మిది మైళ్ళు.
ఎదురుగాలి ఉంటే ఏడు.
మోంటానాలో ఎదురుగాలి లేని రోజేది?

బంకులో డ్వేన్ నవ్వుతాడు:
"వర్నా, మళ్ళీ దాహమేసిందా దానికి?"

పెట్రోలు ముల్లు ఏళ్ళుగా సగం దగ్గరే.
పుచ్చకాయ బేరమాడినట్టు
ట్యాంకు మీద వేలి కణుపులతో కొట్టి
వింటాను.

కొత్త ట్రక్కు కాగితం
అల్లుడు టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు.
ఎనభై నాలుగు నెలల వాయిదాలు.
నాకు డెబ్భై ఒకటి.
కూడికలు నాకొచ్చు.

కాళ్ళ కింద రేకు తుప్పుకి చిల్లుపడితే
పాత నంబరు ప్లేటు పరిచి రివెట్లు కొట్టాను.
ఆర్విడ్ పోయిన ఏడాది ప్లేటు అది.
ఫిబ్రవరిలో, మంచులో పుట్టిన దూడ
దాని మీదే పడుకుని, హీటరు గాలికి తేరుకుని
నా బూటు నాకింది.

ఇంగ్రిడ్ ముక్కు మూసుకుంటుంది.
"ఆకాశం పాడవుతోంది అమ్మమ్మా."
నిజమే అంటాను.
ఆ మాటకి నా దగ్గర స్పానరు లేదు.

పొద్దున చోక్ లాగి, రెండుసార్లు తొక్కి
ఆగాను.
ఎంతసేపాగాలో ఏ పుస్తకంలోనూ లేదు.
దగ్గింది, వణికింది, అందుకుంది.

ఇంగ్రిడ్ ఎక్కబోతూ వంగి
ట్యాంకు మీద కొట్టింది,
చెవి ఆనించి వింది.
"డొల్ల," అంది.

బంకు వైపు తిప్పాను.