కేఏ మేడం

ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసు ముందు, తుమ్మ నీడలో,
జిరాక్సు కాగితం వెనక
నా బళ్ళారి స్కూటీకి లెక్క కడుతున్నాడు
ఏజెంటు నర్సింగరావు.
ఎన్వోసీ, లైఫ్ ట్యాక్స్, స్మార్ట్ కార్డు,
అట్టడుగున పేరు లేని ఒక అంకె.
"ఇదేంటి?"
"గదంతే మేడం. అడగొద్దు."

జీవితకాలపు పన్ను అక్కడొకసారి కట్టేశాను.
బండికి ఎన్ని జీవితాలుంటాయో
తుంగభద్ర దాటేదాకా తెలియలేదు.

ఎనిమిది నెలలు.
గ్యాసు కనెక్షన్ వచ్చింది, పాలవాడు కుదిరాడు.
నా నోట్లో "ఇక్కడే"
ఎప్పుడో నాకు చెప్పకుండా "ఈడనే" అయింది.
హబ్సిగూడ చౌరస్తాలో కానిస్టేబుల్ మాత్రం
హెల్మెట్ చూడడు, మొహం చూడడు,
రెండక్షరాలు చూసి
పక్కకు రమ్మని వేలు ఊపుతాడు.
ఇంట్లో అందరం వచ్చేశాం,
స్కూటీ ఒక్కటే ఇంకా బళ్ళారిలో ఉంది.

ఇవాళ పాత ప్లేటు విప్పించాను.
ఒక స్క్రూ రానంటే రానంది.
మెకానిక్ సుత్తితో కొడితే
గనుల ఎర్రదుమ్ము, చిటికెడు,
వాడి అరచేతిలో రాలింది.
ఊది పారేశాడు.
కొత్త ప్లేటు పాత చిల్లులకు కలవలేదు,
ఇంకో రెండు పొడిచాడు.

సాయంత్రం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర
హారన్ వినకముందే తలుపు తీసే వాచ్‌మన్ ఐలయ్య
చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఎవలమ్మా మీరు? ఏ ఫ్లాటుకు?"

హెల్మెట్ తీశాను.
"అయ్యో! కేఏ మేడం!"

ర్యాంపు దిగుతుంటే
డిక్కీలో పాత ప్లేటు
గలగలమంది.