కింద ఎవురూ ఉండొద్దు

ఆ ఏటి వానలకి పెన్న నీళ్లు కొట్లోకొచ్చి
లేతు మిషను నడుందాకా నానింది.
గోడ మీద ఆ గీత ఇంకా పోలేదు.
"ఇంక పైనే" అన్నాడు మా ఓనరు కరీముల్లా.

పైనంటే పద్దెనిమిది మెట్లు, నిటారుగా.

సంతపేట నుంచి పెంచలయ్య వచ్చాడు.
మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు,
సంతలో గేదెని చూసినట్టు.
చక్కు విప్పించాడు, మోటారు దింపించాడు.
"ఊడేదంతా విడిగా పోనీ అబయా,
మొండెంతోనే మనకి పని."

మెట్ల మీద రెండు తాటిదూలాలు,
వాటికి బట్టల సబ్బు.
పై స్తంభానికి కప్పీ, కప్పీలోంచి మోకు,
మోకు కొస మా నలుగురి చేతుల్లో.
మెట్టు ఎక్కినప్పుడల్లా వెనక ఆపుచెక్క.
"కింద ఎవురూ ఉండొద్దు."
ఇది మాత్రం మూడుసార్లు చెప్పాడు,
చూపుడువేలు లేని చేత్తో చూపిస్తా.

పదకొండో మెట్టు.
మోకు జానెడు జారింది.
అప్పుడే టీ గ్లాసుల బుట్టతో
మాలకొండయ్య కొడుకు కింద మెట్టు మీద కాలుపెట్టాడు.

పెంచలయ్య తిట్టిన తిట్టు రాయలేను.
ఆ తిట్టుకే పిల్లోడు రోడ్డు మీదికి ఎగిరాడు.
గ్లాసులు పగిలాయి.
చెక్క కిర్రుమని పట్టుకుంది,
మూడొందల కేజీల్ని, అరచెయ్యంత చెక్క.

కాసేపు ట్రంకు రోడ్డు బస్సుల మోతే.

గ్లాసుల డబ్బులు పెంచలయ్యే ఇచ్చాడు,
కరీముల్లా ఇస్తానన్నా ఒప్పుకోలా.

మిషనిప్పుడు పైన తిరుగుతోంది.
ఇనప పొట్టు వెచ్చగా సుళ్లు తిరిగి రాలుతుంది.
సాయంత్రం షట్టరేసి దిగుతుంటే
ఆ మెట్టు దగ్గర
నా కాలు కాస్త ఆగి
కింద ఎవురన్నా ఉన్నారేమో చూస్తుంది.