పేరు లేని గడి

షట్టరు సగం ఎత్తానో లేదో
కిందనుంచి దూరి వచ్చింది దాలమ్మ.
జీడిపిక్కల బట్టీ వాసన ఆమెకంటే ముందే వచ్చింది.
"బాబూ, దీనికేటో పూనింది. సూడు."

కౌంటరు అద్దం మీద పెట్టగానే
ఫోను దానంతటదే ఒళ్ళు విరుచుకుంది:
రెండు నిమిషాల్లో రెండు లక్షల అప్పు.
చక్రం తిప్పండి, కారు మీదే.
ఆపైన మోకాలి నొప్పి నూనె. ఆపైన మళ్ళీ అప్పు.
నేనింకా కళ్ళజోడైనా తుడుచుకోలేదు.

మొన్న పిక్కలు కొట్టే వరసలో కూచుంటే
బొడ్లో దోపుకున్నది పదకొండుసార్లు జుమ్మందట.
మేస్త్రి అరపూట కూలి కోసేశాడట.
"ఎవులితో మాటాడతన్నావని అడిగినాడు.
ఎవులూ కాదంటే నమ్మడు."

తాళం తియ్యమన్నాను. బొటనవేలు ఆనించింది.
గుర్తుపట్టలేదు. చెంగుకి తుడిచి మళ్ళీ ఆనించింది.
ఇరవై ఏళ్ళ జీడిసొన తినేసిన వేలు,
నల్లగా, నున్నగా,
అరిగిపోయిన నయాపైసాలా.
రేషను మిషనూ ఇంతేనట,
మూడుసార్లు అడిగి పొమ్మంటుందట.
ఈ ప్రకటనలొక్కటే
ఆమెని ఎక్కడున్నా పోల్చుకుంటున్నాయి.
చివరికి నాలుగంకెలు నొక్కింది, పెదాలు కదుపుతూ.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈశ్వరుడెప్పుడూ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఉండడు.

ముందు ఒకదాన్ని రానివ్వాలి.
కాచుకుని కూచున్నాను. టీ చల్లారింది.
పిలవనప్పుడల్లా వచ్చింది, పిలిస్తే రాదు.
ఇచ్ఛాపురం వైపు పాసింజరు కూతేసి పోయాక వచ్చింది,
చక్రం తిప్పుకుంటూ.
వెనకనుంచి పీతని పట్టినట్టు
వేలు ఆనించి నొక్కి పట్టాను.
పంపినవాడి పేరుండాల్సిన చోట
ఖాళీ.

పేరు మరిచిపోయి కాదు.
ఎవడో కూచుని, ఆలోచించి,
ఖాళీనే పేరుగా పెట్టాడు.

చిట్టా మొత్తం కిందకి లాగాను.
వాట్సాప్, గ్యాసు బుకింగు, డ్వాక్రా సంఘం లెక్కలు,
వాటి నడుమ తెల్లటి గడి.
బొమ్మ లేదు, అక్షరం లేదు,
పంక్తిలో విస్తరేసి మనిషి రానట్టు.
లోపల మాత్రం అన్నీ ఉన్నాయి:
మైకు, కెమెరా, ఏ ఊళ్ళో ఉందో చూసే హక్కు,
మిగతా వాటన్నిటి నెత్తినా కూచునే హక్కు.
అడుగున, చిన్నగా, ఎక్కించిన తేదీ.

చదివి వినిపించాను.
దాలమ్మ కాసేపు వేళ్ళు మడిచి విప్పింది.
"తుపాను ముందురోజు కదేటి అది!
మైకులో సెప్తే అందరం నీకాడికే వచ్చినాం.
టార్చిలైటు యాప్ అన్నావు.
నువ్వే ఏసినావు. పది రూపాయలు."

ఫ్యాను తిరుగుతోంది. నేను
స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు నటించాను.
అప్పుడు దానికి పేరుంది, పసుపు బల్బు బొమ్మ కూడా ఉంది.
తర్వాత ఎప్పుడో, ఒక అర్ధరాత్రి
బొమ్మ విప్పేసి, పేరు విప్పేసి
లోపలే ఉండిపోయింది.

"ఎలిగింది మరి, అబద్దమెందుకు.
కొబ్బరిచెట్టు కింద మేక అరుస్తంటే
దాంతోనే ఎతికినాం.
తీసెయ్, పర్లేదు."
తీసేశాను. అది అడిగింది, నిజంగానేనా అని.
అవునన్నాను.

ఎంతివ్వాలంది. తలూపాను.
ఒప్పుకోలేదు; చెంగు ముడి విప్పి
గుప్పెడు జీడిబద్దలు కౌంటరు మీద పోసి పోయింది.

సొరుగు కింద ఆనాటి నోటుబుక్కు దొరికింది,
వాన తడిసి అట్ట ఉబ్బి.
నలభై మూడు పేర్లు. నలభై మూడు పదులు.
మొదటి నంబరు ఎత్తలేదు.
రెండోది మందసలో ఆటో తోలే సూరయ్య.
"నమస్తే, మీ ఫోనులో ఒక..." అన్నానో లేదో
"మాకేటీ వద్దండి" అని
పెట్టేశాడు.