అరవై మూడు మైక్రాన్ల జల్లెడ

జూన్ పద్నాలుగు. వేట నిషేధం ఈ రాత్రితో ఆఖరు.
హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ మళ్లీ దగ్గుతోందని
ఎల్లాజీ వస్తూనే చెప్పాడు.
గాలిలో తడి ఉంది, వాన లేదు.
యారాడ కొండ మీద మబ్బు
అప్పడగడానికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డ చుట్టంలా ఉంది.

వాల్తేరు మెట్ట మీది ల్యాబులో
ఇద్దరం బురద కడుగుతున్నాం,
బంగాళాఖాతం అడుగున గొట్టం దింపి తెచ్చిన బురద,
చెంచాడు చెంచాడుగా.
మట్టి కొళాయి నీళ్లతో పోతుంది.
జల్లెడలో గవ్వలు మిగులుతాయి.
వాటి పక్కన ఆవగింజ ఏనుగు.

ఒక్కో గవ్వా
తను బతికిన నాటి ఉప్పును
ఇంటి గోడల్లో వేసి కట్టుకుంది.
నదులు ఒరుసుకుంటూ వచ్చిన కాలంలో చప్పగా,
గోదావరి నూలుపోగైన కాలంలో
నాలుక మండేంత.

నూట పన్నెండో సెంటీమీటరు దగ్గర
ఉప్పు పెరగడం మొదలైంది.
అంటే వాన వెనకాడింది.
అక్కణ్ణించి నాలుగు వేళ్ల మందం పైకొస్తే గాని
ఉత్తరాన మంచు లేవలేదు.
లేచాక, సముద్రం తన నీళ్లు అక్కడ కుదువబెట్టి
ఈ ఒడ్డు వదిలి
మైళ్లకు మైళ్లు వెనక్కి నడిచింది.
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద
పిల్లలు జారుతారే,
ఆ ఇసుకను అప్పటి గాలే మోసి ఉంటుంది.

రాసుకున్నాను: ముందు వాన, తర్వాత మంచు.
కొట్టేశాను.
పక్క గొట్టంలో వరస తిరగబడి ఉంది.

తెడ్డు ఎల్లాజీ ఇరవై ఏళ్లు
ఐసు దిమ్మలు మోశాడు.
మొద్దుబారిన వేళ్లతో జల్లెడ అంచు తట్టి అన్నాడు:
"ఐసు ఊరికే అవదు బాబూ.
డబ్బాలో మంచినీల్లు, సుట్టూ ఉప్పునీల్లు.
ఆ ఉప్పునీల్లు తిరిగి తిరిగి
ఏడి లాక్కెల్లిపోతేనే లోపల గడ్డ కడతాది.
ఎవుడు ముందంటే ఏటి సెప్తాం?
తిరగడం ఆగితే రెండూ నీల్లే."

నేనేం అనలేదు.
సింకులో దిగిన బురద
గెడ్డలో పడి, తెల్లారేలోగా
మళ్లీ సముద్రం చేరుతుంది,
ఏ వేల ఏళ్లనాటిదో తేదీ పోగొట్టుకుని.

బోట్లు కదిలే వేళైందని
వాడు ఒకసారి కిటికీ వైపు చూశాడు.
నూట పదకొండో సెంటీమీటరు ఇవ్వు, అన్నాను.